కొలిమి, చిట్టెము, కుంపటి
(అంతరిక్షయానమున అణుశక్తి చరిత్ర)

భిలాయి పట్టణమున రాత్రివేళ తల యెత్తి చూచువారికి చుక్కలకంటె ముందుగా కర్మాగారపు ఎఱుపు కనబడును. ఆ ఎఱుపును చూచుచు పెరిగిన తెలుగు కుటుంబములు ఇచట అనేకము. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము మొదలగు సీమలనుండి రాయపూరు రైలెక్కి వచ్చి, ఉక్కు పనిలో కుదిరి, ఇచటనే పిల్లలను పెంచి పెద్దచేసినవారికి అగ్నిని గూర్చి వేఱుగ చెప్పవలసిన పని లేదు. అగ్ని ఏమి చేయగలదో, దానిని పట్టి ఉంచుటకు ఎంత శ్రమ కావలెనో, అది విడిచిన మిగులును ఎచట పోయవలెనో వారికి నిత్యానుభవము.

సోవియట్ దేశముతో 1955 ఫిబ్రవరి 2వ తేదీన జరిగిన ఒడంబడిక ననుసరించి నిర్మింపబడిన ఈ కర్మాగారమున మొదటి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదు ప్రారంభించిరి. అదే సంవత్సరము జూలై 1వ తేదీన, భూగోళమునకు ఆవలి ప్రక్కన, అమెరికాలోని నెవాడా ఎడారిలో మఱియొక కొలిమి వెలిగినది. అది ఇనుమును కరగించుటకు కాదు; మనుష్యులను గ్రహాంతరములకు మోసికొనిపోగల రాకెట్టునకు శక్తి నిచ్చుటకు. అందు బొగ్గు లేదు, మంట లేదు, పొగ లేదు; యురేనియము మాత్రము కలదు. ఆ యంత్రమునకు 'కివి' యని పేరు పెట్టిరి. కివి యనునది న్యూజీలండు దేశపు ఎగురలేని పక్షి. నేలకు బిగించి పరీక్షించుటకే గాని ఎగురుటకు నిర్మింపబడినది కాదు గనుక ఆ పేరు తగియున్నది.

ఈ రెండు కొలుములలో భిలాయి కొలిమి దేశమునకు రైలు పట్టాల నిచ్చినది. నెవాడా కొలిమియు, దాని సంతతియు పదునాలుగు సంవత్సరములు శ్రమించి, తమ నడిగిన పనులను చాలవఱకు చేసి చూపి, ఒక్కసారియైనను ఆకాశమున కెగురకయే ఆరిపోయినవి. పనిచేయని యంత్రము మూలబడుట వింత గాదు. పనిచేసిన యంత్రము మూలబడుట ఆలోచింపదగిన విషయము. దానికి కారణమును వెదకుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

స్టోవు వంటి రాకెట్టు

రాకెట్టు నడచు సూత్రము సులభము. పడవలో నిలిచి బరువైన మూటను ఒడ్డునకు విసరినచో పడవ వెనుకకు జరుగును. రాకెట్టు కూడ అట్లే వాయువును వెనుకకు విసరి తాను ముందుకు పోవును. ఎంత వేగముగ విసరిన అంత తక్కువ సరకుతో పని జరుగును. కావున రాకెట్టు శాస్త్రమున ముఖ్యమైన ప్రశ్న యొక్కటియే: వెనుకకు పోవు వాయువు వేగమును పెంచుట ఎట్లు?

ఆ వేగము రెండింటిపై ఆధారపడి యున్నది. వాయువు ఎంత వేడిగ నున్న అంత వేగము. వాయువు అణువులు ఎంత తేలికగ నున్న అంత వేగము. సాధారణ రాకెట్టులో ఇంధనమును ఆక్సిజనుతో మండింపగా వచ్చిన వాయువే వెనుకకు పోవును. ఇంధనములలో మిక్కిలి తేలికయైన హైడ్రోజనును మండించినను వచ్చునది నీటియావిరి. హైడ్రోజను అణువుకంటె నీటి అణువు తొమ్మిది రెట్లు బరువు. మంట వేడి నిచ్చునే గాని బరువును గూడ తెచ్చిపెట్టును. మండించు పద్ధతిలో ఈ చిక్కు తప్పదు.

దీనికి విరుగుడు భిలాయి పాఠకులకు వెంటనే స్ఫురింపగలదు. బ్లాస్టు ఫర్నేసు ప్రక్కన ఎత్తుగ నిలిచిన స్టోవులలో ముందుగ గ్యాసును మండించి లోపలి ఇటుకల గూడును కాల్చెదరు. పిమ్మట మంటను ఆపి, ఆ గూటిగుండ చల్లని గాలిని పంపెదరు. ఆ గాలి తాను మండదు. ఇటుకలనుండి వేడిని మాత్రము గ్రహించి, ఇంచుమించు వేయి డిగ్రీల తాపముతో ఫర్నేసులోనికి పోవును. అణు రాకెట్టు ఈ స్టోవు వంటిదే. ఇటుకల స్థానమున యురేనియమును ఇముడ్చుకొన్న గ్రాఫైటు కడ్డీలు. గ్యాసుమంట స్థానమున యురేనియము పరమాణువులు పగులుటచేత పుట్టు వేడి. గాలి స్థానమున శుద్ధమైన హైడ్రోజను. మంట లేదు గనుక ఆక్సిజనుతో పని లేదు. ఆక్సిజను చేరదు గనుక వెలువడు వాయువు తేలిక. హైడ్రోజనును మండించు ఉత్తమమైన రాకెట్టునుండి వాయువు సెకనునకు సుమారు 4.5 కిలోమీటర్ల వేగముతో వెలువడగా, అణు రాకెట్టునుండి సుమారు 8 కిలోమీటర్ల వేగముతో వెలువడును.

చూచుటకు ఇది రెట్టింపైనను కాదు. కాని దూరపు ప్రయాణమునకు పోవు రాకెట్టు తన ఇంధనమునే గాక, ఆ ఇంధనమును మోయుటకు కావలసిన ఇంధనమును గూడ మోయవలెను. వాయువేగము పెరిగిన కొలది ఈ మోత మిక్కిలి త్వరగా తగ్గిపోవును. అంగారకుని వఱకు మనుష్యులను పంపదలచినవారు అణుశక్తివైపు చూచుటకు కారణ మిదియే.

కథకుల ముందుచూపు

రామాయణమునందలి పుష్పకమునకు ఇంధనపు ప్రసక్తి లేదు. యజమాని మనస్సు ననుసరించి పోవును. ఎందఱెక్కినను మఱియొకరికి చోటుండును. పురాణకథకు ఇది చాలును. ఆధునిక పాఠకు డట్లు ఊరకుండడు. శక్తి ఎచటినుండి వచ్చినదని అడుగును. 1898లో క్యూరీ దంపతులు రేడియమును కనుగొన్న పిమ్మట ఈ ప్రశ్నకు ఒక జవాబు దొరకినట్లు తోచెను. ఎవరును ముట్టింపకయే, ఏమియు మండకయే, ఆ లోహము తనంతట తాను వేడిని వెలువరించుచుండుట లోకమును ఆశ్చర్యపఱచినది.

రష్యాలో బడిపంతులుగ నుండిన కాన్‌స్టాంటిన్ త్సియోల్‌కోవ్‌స్కీ రాకెట్టుతో అంతరిక్షయానము సాధ్యమని 1903లో గణితముతో నిరూపించిరి. 1911, 1912 సంవత్సరములలో వెలువడిన తరువాతి భాగమున రేడియము శక్తిని రాకెట్టునకు వినియోగింపగల్గినచో ఎట్లుండునని ఊహించిరి. అమెరికాలో విద్యార్థిగ నున్న రాబర్టు గాడర్డు 1907లోనే అట్టి భావమును వ్యాసముగ వ్రాయగా పత్రికలు దానిని స్వీకరింపలేదు. ఫ్రాన్సు దేశపు ఎస్నో పెల్‌తెరీ 1912లో పారిసు సభలో రేడియమును గూర్చి అట్లే ముచ్చటించిరి. పరమాణువునకు కేంద్రక మున్నదని రూథర్‌ఫర్డు 1911లో గాని ప్రకటింపలేదు. దానిని పగులగొట్ట వచ్చునని 1938 చివరవఱకు ఎవరికిని తెలియదు. ఇంత ముందుగ ఆ ఆలోచన పుట్టుట విశేషమే.

కథకులలో ఎచ్. జి. వెల్సు 1914లో ప్రచురించిన నవలలో అణుశక్తితో నడచు యంత్రములను, అణుబాంబులను గూడ వర్ణించిరి. కొలిమిని, దాని కీడును ఒకే పుస్తకమున చూపుటలో ఆయన తరువాతివారికంటె దూరదృష్టి గలవారు. 1942 డిసెంబరు 2వ తేదీన షికాగోలో ఫెర్మీ బృందము మొదటి రియాక్టరును నడపినది. 1945లో హిరోషిమా, నాగసాకి పట్టణములు నాశనమైనవి. ఆ వెనుక అణురాకెట్టుల కథలు వెల్లువగా వచ్చినవి. రాబర్టు హైన్లైను 1947లో వ్రాసిన బాలుర నవలలో కుఱ్ఱవాండ్రు ముగ్గురు ఒక శాస్త్రజ్ఞునితో గూడి థోరియముతో నడచు రాకెట్టులో చంద్రునికి పోవుదురు. ఆంధ్రతీరపు ఇసుకలో దొరకు మోనజైటు ఖనిజమున నుండునది ఈ థోరియమే. 1950లో వచ్చిన 'డెస్టినేషన్ మూన్' అను అమెరికా చలనచిత్రమునను, 1951లో ఆర్థర్ క్లార్కు వెలువరించిన 'ప్రిల్యూడ్ టు స్పేస్' నవలలోను చంద్రునికి పోవు నౌకలు అణుశక్తితోనే నడచును.

ఈ కథలలో శాస్త్రము చాలవఱకు సరియైనదే. పరమాణువు వేడి నిచ్చును, వేఱొక పదార్థము వేడెక్కి వెనుకకు పోవునను ముఖ్యసూత్రమును వారు చక్కగ గ్రహించిరి. కాని ఎక్కువమంది కథకులు మంటను చూచి చిట్టెమును మఱచిరి. రియాక్టరు నడచిన తరువాత అందు మిగులు పదార్థములు మిక్కిలి ప్రమాదకరమైన కిరణములను వెలువరించును. అవి ఎచట పడును? ప్రయోగస్థలము చుట్టునున్న పల్లెల మాటేమి? ఈ విషయమున కొంత జాగ్రత్త చూపినవారును లేకపోలేదు. బెల్జియము దేశపు చిత్రకథకుడు హెర్జే 1950లో మొదలిడిన టిన్‌టిన్ చంద్రయాన గాథలో రాకెట్టు నేల విడుచునప్పుడు సాధారణ ఇంధనమునే వాడి, పైకి పోయిన పిదప గాని అణుయంత్రమును నడపదు. 1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' చిత్రమున మనుష్యులుండు గోళమునకును అణుయంత్రమునకును నడుమ పొడుగైన వెన్నెముక వంటి కట్టడముండును. ఆ దూరము అందము కొఱకు కాదు, కిరణములనుండి రక్షణ కొఱకు.

ఎడారిలో పరీక్షలు

అమెరికాలో లాస్ అలమోసు ప్రయోగశాల 1955లో 'రోవర్' అను పేరుతో అణురాకెట్టు పనిని చేపట్టినది. 1961 నుండి 'నెర్వా' యను పేరుతో దానిని నిజమైన రాకెట్టు యంత్రముగ మలచు ప్రయత్నము సాగినది. పని సులభముగ జరుగలేదు. ద్రవరూపమున నుండు హైడ్రోజను సున్నకు దిగువ 253 డిగ్రీల చలిలో బయలుదేరి, సుమారు మీటరున్నర పొడవైనను లేని గ్రాఫైటు గర్భమును దాటులోపల రెండువేల డిగ్రీల తాపమును పొందవలెను. ఉక్కు ద్రవించు తాపముకంటె ఇది ఎక్కువ. అంతేకాక, ఆ తాపమున హైడ్రోజను గ్రాఫైటును తినివేయును. ఫర్నేసు లోపలి ఇటుకల అరుగుదలతో నిత్యము పోరాడు భిలాయి కార్మికులకు ఈ బాధ బోధపడును. కడ్డీల రంధ్రములకు లోపల నయోబియము కార్బైడు పూతలు పూసి ఆ తినివేతను తగ్గించిరి.

1962 నవంబరులో జరిగిన పరీక్షలో వాయుధారలో మెఱుపులు కనబడినవి. విచారింపగా, హైడ్రోజను ప్రవాహమువలన కలిగిన కంపనముచేత కడ్డీలు విఱిగి ముక్కలుగ వెలికి పోవుచున్నవని తేలినది. ఇంజనీర్లు యురేనియము లేని నమూనాలలో వాయువును పంపి, కంపనపు కారణమును పట్టి, నిర్మాణమును మార్చిరి. 1968 జూన్‌లో ఫీబస్-2ఎ అను రియాక్టరు 4000 మెగావాట్లకు పైబడిన ఉష్ణశక్తితో సుమారు 12 నిమిషములు నడచినది. నాగార్జునసాగరము ప్రధాన జలవిద్యుత్కేంద్రపు స్థాపితశక్తి సుమారు 816 మెగావాట్లు. అది విద్యుత్తు, ఇది వేడి గనుక పోలిక సరిసమానమైనది కాదు గాని, మనిషి ఎత్తు లేని గర్భమున ఎంత అగ్ని ఇమిడినదో ఊహించుట కది తోడ్పడును. 1969లో ఒక యంత్రమును ఇరువదికి పైగా సారులు ఆర్పి మరల వెలిగించిరి. అదే సంవత్సరము చంద్రునిపై మనుష్యులు దిగిన పిమ్మట, వాన్ బ్రౌను 1981లో అంగారకునికి మనుష్యులను పంపు ప్రణాళికను అణురాకెట్టు ఆధారముగ ప్రతిపాదించిరి.

ఆ ప్రణాళికను ప్రభుత్వము అంగీకరింపలేదు. వియత్నాము యుద్ధపు వ్యయము పెరిగినది. చంద్రునిపై ప్రజల ఉత్సాహము తగ్గినది. 1972 డిసెంబరుతో చంద్రయాత్రలు ముగిసినవి. అంగారకునికి పోవుట లేనప్పుడు అంగారకునికి పోవు యంత్రమేల? 1973 జనవరిలో రోవర్, నెర్వా పనులు రద్దైనవి. అప్పటికి వ్యయము సుమారు 140 కోట్ల డాలర్లు.

భిలాయి నిర్మాణమునకు తోడ్పడిన సోవియట్ దేశము కూడ ఈ విద్యలో వెనుకబడలేదు. కజకస్థానములోని సెమిపలాటిన్‌స్కు ప్రాంతమున ఆర్‌డి-0410 అను చిన్న అణురాకెట్టునకు సంబంధించిన పరీక్షలు జరిగినవి. అందు సాధించిన తాపము అమెరికావారు సాధించినదానికంటె ఎక్కువ. ఆ యంత్రమును ఆకాశమున కెగురలేదు. సోవియట్ రాజ్యముతోపాటు ఆ ప్రయత్నమును ముగిసినది.

బాంబులపై సవారి

ఇంతకంటె సాహసమైన ఆలోచన మఱియొకటి కలదు. నౌక వెనుక అణుబాంబులను ఒకదాని వెంట ఒకటిగ ప్రేల్చి, ఆ ప్రేలుళ్ల తాకిడిని పెద్ద ఉక్కుపలకపై గ్రహించి ముందుకు పోవుట దాని పద్ధతి. గణితజ్ఞుడు ఉలాము కల్పించిన ఈ భావమును 1958 నుండి 'ఓరియన్' అను పేరుతో టెడ్ టేలరు, ఫ్రీమన్ డైసను మొదలగువారు అభివృద్ధి చేసిరి. 1970 నాటికి శనిగ్రహమును చేరవలెనని వారి సంకల్పము. 1959లో సాధారణ ప్రేలుడు పదార్థములతో నడపిన చిన్న నమూనా కొన్ని పదుల మీటర్ల ఎత్తు లేచి సూత్రము సరియైనదేనని చూపినది.

ఈ మార్గము మూతపడుటలో భారతదేశపు గొంతునకును భాగమున్నది. 1954 మార్చి 1వ తేదీన పసిఫిక్ సముద్రమున అమెరికా జరిపిన హైడ్రోజను బాంబు పరీక్షవలన లేచిన ధూళి జపాను జాలరుల పడవపై పడినది. ఏప్రిల్ 2వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ పార్లమెంటులో మాటలాడుచు, అట్టి పరీక్షలను నిలిపివేయుటకు ఒడంబడిక జరుగవలెనని కోరిరి. తొమ్మిది సంవత్సరముల పిమ్మట, 1963 ఆగస్టులో, వాతావరణమునను, అంతరిక్షమునను, నీటి అడుగునను అణుప్రేలుళ్లను నిషేధించు సంధి మాస్కోలో కుదిరినది. ఆగస్టు 8న సంతకములకు తెఱచిన దినముననే భారతదేశము దానిపై సంతకము చేసినది. ప్రేలుళ్లతోనే నడువవలసిన ఓరియనునకు ఆ సంధితో త్రోవ మూసికొనిపోయెను; 1965లో ఆ పని ఆగినది. శనిగ్రహమునకు పోవు త్రోవ పోయినందుకు డైసను వంటివారు విచారించిరి. కాని పసిబిడ్డల పాలలో ప్రేలుళ్ల విషము చేరకుండుట ఆ త్రోవకంటె ముఖ్యమని లోకము నిర్ణయించినది. ఆ నిర్ణయమును తప్పనుట కష్టము.

చిట్టెము లెక్క

నేలపై బ్లాస్టు ఫర్నేసును వెలిగించుటకు ముందే చిట్టెము ఎచటికి పోవలెనో ఏర్పాటు జరుగును. చిట్టెమునకు చోటు లేని ఫర్నేసు నడువదు. అంతరిక్షమున మాత్రము ఈ ఏర్పాటు ఆలస్యముగ జరిగినది. అదియును అపాయములు జరిగిన పిదప.

1964 ఏప్రిలులో అమెరికా ఉపగ్రహ మొకటి కక్ష్యను చేరలేక వెనుకకు పడినది. అందులో విద్యుత్తు కొఱకు ఉంచిన సుమారు ఒక కిలో ప్లుటోనియము వాతావరణపు పైపొరలలో కాలి, సన్నని ధూళియై లోకమంతట వ్యాపించినది. 1965 జనవరి 12న నెవాడాలో ఒక కివి రియాక్టరును కావలెననియే అదుపు తప్పించి బ్రద్దలు చేసి, ప్రమాదము జరిగినచో ఏమగునో కొలిచిరి. అదే సంవత్సరము ఏప్రిల్ 3న అమెరికా స్నాప్-10ఎ అను చిన్న రియాక్టరును కక్ష్యకు పంపినది. అది 43 దినములు నడచి ఆగినది. సోవియట్ దేశము సముద్రముపై ఓడలను కనిపెట్టు ఉపగ్రహములలో చిన్న రియాక్టరులను పలుమారులు పంపినది. పని ముగిసిన పిదప రియాక్టరును ఎత్తైన కక్ష్యకు నెట్టివేయుట వారి ఏర్పాటు. కాస్మాస్-954 అను ఉపగ్రహమున ఈ ఏర్పాటు విఫలమై, 1978 జనవరి 24న అది కెనడా దేశపు ఉత్తరభాగమున పడినది. మంచు నేలపై వందల కిలోమీటర్ల పొడవున ముక్కలను వెదకవలసి వచ్చినది. 1981లో సోవియట్ ప్రభుత్వము కెనడాకు 30 లక్షల కెనడా డాలర్లు చెల్లించినది. 1992లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ అంతరిక్షమున అణుశక్తి వాడుకకు నియమములను ఆమోదించినది.

అణురాకెట్టు ఎగురకపోవుటకు కారణము ఇందు తేటపడుచున్నది. యంత్రము ఓడిపోలేదు. పైన పోవలసిన చోటు నిశ్చయము కాలేదు. క్రింద నున్నవారికి భరోసా కలుగలేదు. ఈ రెంటిలో ఏది లేకున్నను కొలిమి నిలువదు. ఇటీవలి అనుభవమును ఇట్టిదే. నాసా, డార్పా సంస్థలు కలిసి డ్రాకో అను అణురాకెట్టును 2027లో ఎగురవేయుదుమని 2023 జనవరిలో ప్రకటించినవి. 2025లో ఆ ప్రయత్నము ఆగిపోయినది.

కుంపటి

పెద్దకొలిమి ఆరిపోయినను, దాని ప్రక్కన ఎవరి దృష్టిని అంతగా ఆకర్షింపని చిన్న కుంపటి యొకటి వెలుగుచునే యున్నది. ప్లుటోనియము-238 వంటి పదార్థములు రియాక్టరు లేకయే తమంతట తాము క్షయించుచు వేడి నిచ్చును. ప్లుటోనియము-238 సగము తరుగుటకు సుమారు 88 సంవత్సరములు పట్టును. ఆ వేడిని నేరుగ విద్యుత్తుగ మార్చు పేటికలలో కదలు భాగ మొక్కటియు నుండదు. 1977లో బయలుదేరిన వాయేజరు నౌకలు రెండును ఇట్టి పేటికలతోనే సూర్యుని ప్రభావమండలమును దాటిపోయినవి. బయలుదేరునప్పుడు ఒక్కొక్కదానికి దొరకిన విద్యుత్తు సుమారు 470 వాట్లు మాత్రమే. 1964 నాటి అపాయము తరువాత ఈ పేటికలను కాలిపోకుండ, పగులకుండ నేలకు చేరునట్లు దృఢముగ నిర్మింప సాగిరి. చిట్టెము లెక్క సరిచూచుకొన్నందుననే కుంపటి నిలిచినదని చెప్పవచ్చును.

చంద్రునిపై రాత్రి పదునాలుగు దినములుండును. ఆ చలిలో యంత్రముల ప్రాణము నిలుపుట మిక్కిలి కష్టము. 1970 నవంబరు 17న సోవియట్ దేశము చంద్రునిపై దింపిన లునోఖోద్-1 అను బండిలో పొలోనియముతో చేసిన కుంపటి నుంచిరి. రాత్రి వచ్చినప్పుడెల్ల అది మూత వేసికొని ఆ వెచ్చదనముతో నిద్రించి, తెల్లవారగానే మరల బయలుదేరెడిది. అట్లు ఇంచుమించు పది నెలలు జీవించి పది కిలోమీటర్లకు పైగా తిరిగినది.

తెలుగునేలపై

ఆ బండి చంద్రునిపై తిరుగుచున్న 1971వ సంవత్సరము తెలుగుదేశమునకు రెండు విధముల ముఖ్యమైనది. అణువిద్యుత్కేంద్రములకు ఇంధనమును సిద్ధపఱచు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు హైదరాబాదులో ఆ సంవత్సరముననే స్థాపింపబడినది. శ్రీహరికోటనుండి మొదటి చిన్న రాకెట్టు 1971 అక్టోబరు 9న ఎగిరినది. అణువును, ఆకాశమును అట్లు ఒకే సంవత్సరమున తెలుగునేలపై నివాసమేర్పఱచుకొన్నవి గాని, అవి కలిసికొనుటకు అర్ధశతాబ్దికి పైగా పట్టినది.

శ్రీహరికోటకును ఉక్కు లోకమునకును బంధుత్వము లేకపోలేదు. అచటి రెండవ ప్రయోగవేదికను నిర్మించిన మెకాన్ సంస్థ, 1959లో హిందూస్థాన్ స్టీలు సంస్థకు చెందిన రూపకల్పన విభాగముగ పుట్టినది. భిలాయి కర్మాగారమును ఆనాడు ఆ సంస్థ క్రిందనే యుండెను. ఎల్‌వీఎం-3 రాకెట్టు ప్రక్కలనుండు ఘనఇంధనపు మోటారుల కవచములకు వాడు ప్రత్యేకమైన ఉక్కు హైదరాబాదులోని మిధానిలో తయారగును.

2023 జూలై 14న ఆ రెండవ వేదికనుండియే చంద్రయాన్-3 బయలుదేరినది. ఆగస్టు 23న విక్రమ్ అను దిగుయంత్రము చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమునకు చేరువగ నెమ్మదిగ దిగినది. ఆ సాయంకాలము దేశమంతట జనులు పండుగ చేసికొనిరి. దానిని అంతదూరము మోసికొనిపోయిన చోదకభాగమున, భాభా అణుపరిశోధన కేంద్రము తయారుచేసిన రెండు చిన్న అణుకుంపట్లుండెను. ఒక్కొక్కటి ఇచ్చు వేడి సుమారు ఒక వాటు. అవి పరీక్ష కొఱకు ఉంచబడినవి; పైన కక్ష్యలో తిరుగుచున్న ఆ భాగమునందే ఉండెను గాని క్రింద దిగిన విక్రమునందు లేవు. పదునాలుగు దినములు పనిచేయుటకు నిర్మింపబడిన విక్రమ్ తన పనిని పూర్తిగ నెరవేర్చి సెప్టెంబరు 4న నిద్రకు పోయినది. చంద్రునిపై తెల్లవారిన పిదప, సెప్టెంబరు 22 నుండి శాస్త్రజ్ఞులు మరల మరల పిలిచిరి. జవాబు రాలేదు. సున్నకు దిగువ నూఱు డిగ్రీలను మించిన చలిలో దాని నరములు బిగిసిపోయినవి.

నాలుగువేల మెగావాట్ల ఫీబస్ ఎక్కడ, ఒక్క వాటు కుంపటి ఎక్కడ! అయినను చరిత్రలో ఎగిరినది కుంపటియే. పెద్దకొలిమి ఇంకను నేలపై నిలిచి రెండు ప్రశ్నలకు జవాబు కొఱకు వేచియున్నది: ఎచటికి పోవలెను? క్రిందివారికి భరోసా ఎవరిచ్చెదరు? ఈ ప్రశ్నలు భౌతికశాస్త్రముతో తీరునవి కావు. పరీక్షాస్థలము చుట్టునున్న పల్లెలవారిని, ఒడంబడికలపై సంతకము చేయు ప్రభుత్వములను, పన్ను చెల్లించు జనులను గూడ ఒప్పింపవలసినవి.

భిలాయి సెక్టారులలో చదువుకొని ఇంజనీర్లైన తెలుగు బిడ్డలు నేడు దేశమంతట అనేక సంస్థలలో ఉన్నారు. భావికాలమున చంద్రరాత్రిని దాటగల భారతీయ యంత్రమునకు కుంపటి నమర్చు చేతులలో వారివియు నుండవచ్చును. ఆ పనికి వారు కథలనుండి ధైర్యమును నేర్వవచ్చును, నెవాడా ఎడారినుండి యంత్రవిద్యను నేర్వవచ్చును. చిట్టెము సంగతి మాత్రము వేఱెచటను నేర్వ నక్కఱలేదు. ఫర్నేసు వెలిగించుటకు ముందే దాని త్రోవను సిద్ధముచేయు పట్టణమున వారు పుట్టి పెరిగినవారే.